కాల్షియం మింగినా ఎముక ఎందుకు తరుగుతుంది?

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడుతుంటాను. రెండేళ్ళ క్రితం రెండు చేతుల వేళ్ళ కణుపులూ, మణికట్లూ వాచాయి. పొద్దున లేచాక ఎనిమిది దాటేదాకా పిడికిలి మూసుకోదు. కాఫీ గ్లాసు కూడా పట్టుకోలేను. పరీక్షలు చేసి కీళ్ళవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అన్నారు. మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాశారు. అది కాన్సరు మందని పక్కింటివాళ్ళు చెబితే భయపడి నెల తిరక్కుండానే మానేశాను. నొప్పి బిళ్ళలు వేసుకుంటూ, రెండు పూటలా పాలు తాగుతూ, కాల్షియం మాత్రలు వాడుతున్నాను. మా ఊళ్ళో ఒకాయన ఇచ్చే పొట్లం మందు వేసుకున్న రోజున మాత్రం ప్రాణం హాయిగా ఉంటుంది. మొన్న ఎక్స్-రే తీస్తే వేలి ఎముకల అంచులు కొరికినట్లున్నాయన్నారు. ఇంత కాల్షియం తింటున్నా నా ఎముక ఎందుకు తరుగుతోంది? చేతులు వంకర్లు పోతే నా కుట్టుపని ఏమవుతుంది?
— ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఎముక తరుగుతున్నది ముఖ్యంగా తిండి చాలక కాదు. దాన్ని కొరకమని మీ ఒంట్లోంచే కబుర్లు వెళుతున్నాయి. ఆ కబుర్లను ఆపకుండా ఎన్ని కాల్షియం మాత్రలు మింగినా, చిల్లుకుండలో నీళ్ళు పోసినట్లే ఉంటుంది. ఈ సంగతి మీ ఒక్కరికే కాదు, ఈ జబ్బు ఉన్న ప్రతివారికీ తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం మీద సుమారు కోటీ ఎనభై లక్షల మందికి ఈ జబ్బు ఉంది. వారిలో నూటికి 70 మంది ఆడవాళ్ళే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఎముక రాయి కాదు

ఎముక అనగానే చాలామంది రాయిలాంటిదనుకుంటారు. నిజానికది బతికున్న పదార్థం. రోజూ కొంత పాతది పోతుంది, కొంత కొత్తది వస్తుంది. పెద్దవాళ్ళలో ఏడాదికి మొత్తం ఎముకలో పదోవంతు దాకా ఇలా కొత్తదవుతుంది.

ఇల్లు మరమ్మతు చేయించేటప్పుడు ఒక కూలీ పాత గోడను పగలగొడతాడు, వెనకే మేస్త్రీ వచ్చి కొత్తది కడతాడు. ఎముకలోనూ అంతే. పాత ఎముకను కరిగించే కణాలను ఆస్టియోక్లాస్టులు అంటారు. కొత్త ఎముక కట్టే కణాలు ఆస్టియోబ్లాస్టులు. ఒకచోట పగలగొట్టే పని కొద్దివారాల్లో అయిపోతుంది. అదే చోట తిరిగి కట్టడానికి మాత్రం మూడు నాలుగు నెలలు పడుతుంది. కూల్చడం తేలిక, కట్టడం ఆలస్యం. కూలీల సంఖ్య పెరిగి మేస్త్రీ పని మందగిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోవచ్చు.

కీలులో ఏం జరుగుతోంది?

కీలు లోపల సైనోవియం అనే పలచటి పొర ఉంటుంది. కీలుకు నూనె వేసినట్లు జిగట ద్రవాన్ని తయారు చేయడం దాని పని. మనల్ని సూక్ష్మక్రిముల నుంచి కాపాడవలసిన రక్షకశక్తి పొరపాటుపడి మన ఒంటినే శత్రువనుకోవడం కీళ్ళవాతానికి మూలం. రక్తంలోని తెల్లకణాలు గుంపులుగా వచ్చి ఈ పొరలో చేరతాయి. పలచగా ఉండవలసిన పొర ఉబ్బి, లావెక్కి, ఎముక అంచు మీదికి పాకుతుంది.

ఎముక చివర నున్నటి మృదులాస్థి తొడుగులా ఉంటుంది. ఆ తొడుగు ముగిసేచోట, పొర వచ్చి అతుక్కునేచోట, కాస్త ఎముక ఏ కప్పూ లేకుండా ఉంటుంది. కొరుకుడు మొదలయ్యేది సాధారణంగా అక్కడే. మీ ఎక్స్-రేలో అంచులు కొరికినట్లు కనిపించడానికి కారణం అదే.

కబుర్లు మోసేవి

తెల్లకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి చిన్న చిన్న ప్రోటీన్లను వదులుతాయి. వీటిని సైటోకైన్లు అంటారు. జ్వరం వచ్చినప్పుడూ, గాయమైనప్పుడూ ఇవే పనిచేస్తాయి. పని కాగానే సద్దుమణుగుతాయి. కీళ్ళవాతంలో మాత్రం నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఊరుతూనే ఉంటాయి.

వీటిలో ముఖ్యమైనవి టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-17. ఇవన్నీ కలిసి చివరకు ర్యాంక్-ఎల్ అనే ఒక పదార్థాన్ని పెంచుతాయి. ఎముకను పగలగొట్టే కూలీకి పని ఆర్డరు ఇదేననుకోండి. తెల్లకణాల జాతికే చెందిన కొన్ని కణాలు ఈ ఆర్డరు అందగానే ఒకదానితో ఒకటి కలిసిపోయి, పెద్ద ఆస్టియోక్లాస్టుగా మారి, ఎముకను పట్టుకుని ఆమ్లంతో కరిగిస్తాయి.

ఈ ఆర్డరును మధ్యలోనే పట్టేసి రద్దుచేసే పదార్థం కూడా మన ఒంట్లో ఉంది. దాని పేరు ఆస్టియోప్రొటెజెరిన్. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఆర్డర్లూ రద్దులూ సరిసమానంగా ఉంటాయి. కీళ్ళవాతం ముదిరిన కీలులో ఆర్డర్లే ఎక్కువ. పైగా టీఎన్ఎఫ్ ఇంకో అపకారం చేస్తుంది. డీకేకే-1 అనే పదార్థాన్ని పెంచి, మేస్త్రీ చేతులు కట్టేస్తుంది. ఒక పక్క గుంట పడుతుంటే ఇంకో పక్క పూడ్చేవాడు లేడు. ఈ జబ్బులో ఒకసారి పడిన గుంట చాలావరకు అలాగే ఉండిపోవడానికి కారణం ఇది.

ఈ సైటోకైన్లు కీలులోనే ఆగవు, రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతాయి. అందుకే మొదట కీళ్ళ దగ్గరి ఎముక పలచబడి, ఆనక వెన్నుపూసలూ తుంటి ఎముకా కూడా గుల్లబారతాయి. కీళ్ళవాతం ఉన్నవారు జారిపడితే తుంటి విరిగే ప్రమాదం ఇతరులకన్నా ఎక్కువ.

ఇది ఎలా తెలిసింది?

1972లో అమెరికాలో పంటి చిగుళ్ళ జబ్బుల మీద పనిచేస్తున్న పరిశోధకులు మనిషి రక్తంలోని తెల్లకణాలను ప్రయోగశాలలో పెంచి రెచ్చగొట్టారు. తర్వాత కణాలను తీసేసి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే ఎలుకపిండాల ఎముక ముక్కలకు తగిలించారు. ఎముక కరగసాగింది! కణం ముట్టుకోకుండానే, అది వదిలిన పదార్థమే ఎముకను కరిగించగలదని ఆ ప్రయోగంతో రుజువైంది. అందులో ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-1 అని 1985లో తేలింది. టీఎన్ఎఫ్ కూడా అదే పని చేస్తుందని 1986లో తెలిసింది. 1990 దశకం చివరలో ర్యాంక్-ఎల్ బయటపడింది.

1999లో కీళ్ళవాతం తెప్పించిన ఎలుకలకు ఆస్టియోప్రొటెజెరిన్ ఇచ్చి చూశారు. కీళ్ళ వాపు తగ్గలేదుగాని, ఎముక మాత్రం నిలిచింది. అంటే వాపు వేరు, ఎముక తరుగు వేరు. రెండింటికీ పుట్టుక ఒకటే అయినా దారులు రెండు. మీకు అక్కరకొచ్చే విషయం ఇక్కడే ఉంది.

నొప్పి తగ్గితే ఎముక దక్కినట్లేనా?

కాదు. నొప్పి బిళ్ళలు నొప్పినీ, కొంత వాపునీ తగ్గిస్తాయి. ఆ పూటకు పని చేసుకోనిస్తాయి. కాని ఎముకను కొరకమనే కబుర్లను ఆపవు. నొప్పి లేదు గనుక జబ్బు లేదనుకుని నెలలు గడిపేస్తే, లోపల కొరుకుడు సాగుతూనే ఉంటుంది. ఇంట్లో పొగ వస్తుంటే కిటికీ తీసినట్లన్నమాట. పొగ పోతుంది, నిప్పు ఆరదు.

కాలయాపన చాలా ప్రమాదం. చాలామందిలో ఎముక దెబ్బతినడం మొదటి రెండేళ్ళలోనే కనిపిస్తుంది. లక్షణాలు మొదలైన మూడు నుంచి ఆరు నెలల్లోపు సరైన వైద్యం అందితే మంచి ఫలితం వస్తుంది. మీకు రెండేళ్ళు గడిచాయని దిగులుపడకండి. పోయిన అంచు తిరిగి రాకపోయినా, ఉన్నదాన్ని కాపాడుకోవడానికి ఇప్పటికీ సమయం మించిపోలేదు. కుట్టుపనికి కావలసింది కూడా ఆ ఉన్నదే.

పొట్లం మందులో ఏముంది?

పేరు లేని పొట్లం వేసుకోగానే ప్రాణం లేచొచ్చినట్లు ఉందంటే, అందులో స్టెరాయిడ్ కలిసి ఉండే అవకాశం చాలా ఉంది. స్టెరాయిడ్ చెడ్డ మందేమీ కాదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్ళవాతం ఉన్న ఒకామెకు కార్టిజోన్ ఇస్తే, కొద్దిరోజుల్లోనే లేచి నడిచింది. ఆ పరిశోధనకు 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇప్పటికీ అసలు మందు పని మొదలుపెట్టేదాకా డాక్టర్లు కొద్ది మోతాదులో, కొద్ది కాలం వాడతారు.

కాని లెక్కాజమా లేకుండా నెలల తరబడి వాడితే అదే స్టెరాయిడ్ ర్యాంక్-ఎల్‌ను పెంచుతుంది, మేస్త్రీ కణాలను చంపుతుంది. ఎముక అన్నిటికన్నా వేగంగా తరిగేది వాడడం మొదలుపెట్టిన తొలి నెలల్లోనే. దానికితోడు మొహం ఉబ్బడం, షుగరు, రక్తపుపోటు పెరగడం ఉండనే ఉన్నాయి. అయితే ఒక హెచ్చరిక. చాలాకాలంగా వాడుతున్నవారు హఠాత్తుగా ఆపకూడదు, ప్రాణానికే ముప్పు రావచ్చు. పొట్లాన్ని పట్టుకెళ్ళి డాక్టరుకు చూపించండి. ఆయన క్రమంగా తగ్గిస్తారు.

“కాన్సరు మందు” అనే భయం

మెథోట్రెక్సేట్ కథలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయడం, దానికి విరుగుడుగా పనిచేసే అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లకు బాట వేయడం ఆ బృందం ఘనతే. మొదట అవి పిల్లల్లో వచ్చే రక్తపు కాన్సరుకు ఉపయోగపడ్డాయి. ఆయన 1948లో కన్నుమూశారు. 1951లో అమినాప్టెరిన్ ఇచ్చిన కొందరు రోగుల్లో కీళ్ళవాతం తగ్గడం వైద్యులు గమనించారు. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడవచ్చని 1988లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. నేడు ప్రపంచమంతటా ఈ జబ్బుకు మొదట ఇచ్చే మందు ఇదే.

కాన్సరులో వాడే మోతాదు ఎన్నో రెట్లు ఎక్కువ. కీళ్ళవాతంలో సాధారణంగా వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు మాత్రమే ఇస్తారు. ఆ మోతాదులో అది సైటోకైన్ల ఉధృతిని తగ్గిస్తుంది. కాన్సరు ఉందనో, వస్తుందనో దాని అర్థం కాదు.

ఈ మందు విషయంలో ఈ జాగ్రత్తలు కంఠస్థం చేయండి:

1. ఇది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. ఒక వారాన్ని నిర్ణయించుకుని, కాలెండరు మీద గుర్తు పెట్టుకోండి.
2. డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్రను మరో రోజున తప్పకుండా వేసుకోండి. నోటి పూత, వికారం తగ్గుతాయి.
3. చెప్పిన గడువు ప్రకారం రక్తకణాలూ, లివరూ, కిడ్నీల పరీక్షలు చేయించండి.
4. గర్భంతో ఉన్నప్పుడు వాడకూడదు. బిడ్డ కావాలనుకునేవారు ముందే చెప్పాలి.
5. సారాయి, బ్రాందీల జోలికి పోకూడదు.
6. ఫలితం కనపడడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. నెలకే మానేస్తే దానికి పనిచేసే అవకాశం ఇవ్వనట్లే.

మెథోట్రెక్సేట్ పడనివారికి సల్ఫాసలజీన్, లెఫ్లునమైడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్ లాంటివి ఉన్నాయి.

కబురును మధ్యలో పట్టేసే మందులు

ఈ మాత్రలతో జబ్బు లొంగకపోతే సైటోకైన్‌ను నేరుగా అడ్డుకునే ఇంజెక్షన్లు ఉన్నాయి. టీఎన్ఎఫ్‌ను ఆపితే కీళ్ళవాతం తగ్గుతుందని 1990 దశకం మొదట్లో లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ చూపించారు. ఈ మందులు వాడినప్పుడు, వాపు పెద్దగా తగ్గనివారిలో కూడా ఎముక తరుగు నెమ్మదించడం కనిపించింది. ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునేవీ, కణం లోపల కబురు చేరకుండా ఆపే మాత్రలూ తర్వాత వచ్చాయి.

ఇవి ఖరీదైనవి, ప్రమాదం లేనివీ కావు. ఒంట్లో దాగి ఉన్న క్షయ క్రిములను కట్టడి చేసేది కూడా టీఎన్ఎఫ్‌యే. దాన్ని ఆపితే క్షయ తిరగబెట్టవచ్చు. అందుకే మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్-రే, క్షయ పరీక్ష తప్పనిసరి.

ర్యాంక్-ఎల్‌నే ఆపే డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ గుల్లబారిన ఎముకలకు 2010 నుంచి వాడుకలో ఉంది. జపాన్‌లో 2017లో కీళ్ళవాతంలోని ఎముక కొరుకుడుకు కూడా అనుమతించారు. ఇది ఎముకను కాపాడుతుందిగాని వాపును తగ్గించదు. కాబట్టి కీళ్ళవాతం మందుకు తోడుగానే పనికొస్తుంది. మధ్యలో ఇష్టం వచ్చినట్లు ఆపితే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది.

మరి కాల్షియం మానెయ్యాలా?

వద్దు. మేస్త్రీకి ఇటుకలు కావాలి కదా! పెద్దవాళ్ళకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. గ్లాసుడు పాలల్లో సుమారు 240 ఉంటుంది. పెరుగు, నువ్వులు, ఆకుకూరలు కూడా మంచివి. తిండిలో వచ్చింది పోగా తక్కువైనంతే మాత్రల రూపంలో తీసుకోవాలి. కాల్షియం ఒంటబట్టాలంటే డి విటమిన్ ఉండాలి. ఎండకు లోటులేని మన దేశంలో కూడా ఇది చాలామందికి తక్కువే. పరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పినంతే వాడండి. స్టెరాయిడ్లు మూడు నెలలు దాటి వాడవలసినవారూ, ముట్లుడిగినవారూ ఎముక సాంద్రత చూసే డెక్సా పరీక్ష గురించి అడగాలి.

పొద్దున గోరువెచ్చని నీళ్ళలో చేతులు ఉంచి, పిడికిలి మెల్లగా మూస్తూ తెరుస్తూ ఉండండి. వాపు తగ్గి ఉన్న రోజుల్లో నడవండి. గంటల తరబడి ఏకబిగిన కుట్టకుండా మధ్యమధ్య చేతులకు విశ్రాంతినివ్వండి. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్ తాగుతుంటే మాన్పించండి. పొగ తాగేవారికి ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ, వచ్చాక మందులు పనిచేసే తీరూ తక్కువ. పంటి చిగుళ్ళు శుభ్రంగా ఉంచుకోండి. స్నానాలగది నేల తడి లేకుండా చూసుకోండి.

ఎవరు ఆలస్యం చేయకూడదు?

వయసుతో వచ్చే మోకాళ్ళ అరుగుదల వేరు. అందులో నడిచేకొద్దీ నొప్పి ఎక్కువవుతుంది, విశ్రాంతితో తగ్గుతుంది. కీళ్ళవాతంలో పొద్దున లేవగానే కీళ్ళు బిగుసుకుపోయి అరగంట, గంట దాటినా సడలవు. రెండు చేతుల్లోనూ ఒకే తీరుగా వేళ్ళ మొదటి కణుపులు, మధ్య కణుపులు, మణికట్లు వాస్తాయి. వేళ్ళ కొసన ఉండే కణుపులు మామూలుగా దెబ్బతినవు. కరచాలనం చేస్తే నొప్పి అనిపిస్తుంది.

ఇలా ఆరు వారాలు ఉంటే కీళ్ళ జబ్బుల నిపుణుడికి చూపించండి. ఈఎస్ఆర్, సీఆర్‌పీ, ఆర్ఏ ఫాక్టర్, యాంటీ-సీసీపీ పరీక్షలు చేస్తారు. ఆర్ఏ ఫాక్టర్ లేదని వచ్చినంత మాత్రాన జబ్బు లేదనుకోకండి. అది ఉన్న ప్రతివారికీ కీళ్ళవాతం ఉన్నట్లూ కాదు. మొదట్లో ఎక్స్-రే బాగానే ఉండవచ్చు. ఎక్స్-రేలో కొరుకుడు కనపడేదాకా ఆగడమంటే, ఎముక పోయేదాకా ఆగడమే.

మీరు ఈ వారంలోనే పాత చీటీలూ, ఎక్స్-రేలూ, ఆ పొట్లం మందూ తీసుకుని నిపుణుడి దగ్గరకు వెళ్ళండి. మెథోట్రెక్సేట్ ఎందుకు మానేశారో దాచకుండా చెప్పండి. రక్తపరీక్షలు చూసి, మళ్ళీ మొదలుపెట్టవచ్చో, మరేదైనా ఇవ్వాలో ఆయన నిర్ణయిస్తారు. మొదలుపెట్టాక మూడు నెలలకు తప్పక తిరిగి చూపించుకోండి. వాపు, బిగువు, సీఆర్‌పీ తగ్గుతున్నాయా అని చూసి, తగ్గకపోతే మందు మార్చమని అడగడం మీ హక్కు.